కాన్వెంటు గేటు దగ్గర రెండు క్యారేజీలు

కొల్లేట్లో ప్రభుత్వం వాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడు మేం కలిదిండి పక్క ఊరి నుంచి ఏలూరు వచ్చేశాం. చెరువే పోయాక మా ఆయనకి అక్కడ పనేముంది? పవర్‌పేటలో మా వదిన, అంటే ఆయన అక్కగారు, మేడ వెనకాల రెండు గదులిస్తే అందులో దిగాం. నా బెంగంతా మా అమ్మాయి గురించే. అప్పటిదాకా ఊళ్ళో తెలుగు బడి. ఇక్కడ కాన్వెంటు, టై, బెల్టు, అంతా ఇంగ్లీషు. ఇంట్లో గలగలా వాగుతుంది గానీ కొత్తవాళ్ళ ముందు దానికి నోరు పెగలదు.

"నీకెందుకే దిగులు? మా పిల్లదీ అదే క్లాసు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది, చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది" అంది వదిన.

అడ్మిషన్‌కి కూడా తనే వచ్చింది. "లోపల ఇంగ్లీషులో అడుగుతారు, నేను మాట్లాడతాలే" అని నన్ను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, పిల్లని తీసుకుని లోపలికెళ్ళింది. సీటు వచ్చిందని చెప్పగానే ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ కాన్వెంటుకి మధ్యాహ్నం వేడన్నం క్యారేజీలు వెళ్ళేవి. గేటు లోపల సైకిల్ స్టాండు రేకుల కింద పిల్లల్ని కూర్చోబెట్టి తినిపించేవారు. తల్లులు కొందరు, పనివాళ్ళు కొందరు. "ఎలాగూ వెళ్తావుగా, మా పిల్లదీ పట్టుకెళ్ళు" అంది వదిన. "దాందేముందండీ" అన్నాను. మా ఆయనకి మేనకోడలంటే ప్రాణం. కొర్రమీను పులుసు పెట్టిన రోజున ముల్లు తీసి ముందు దానికి పెట్టాకే నా కూతురికి పెట్టేదాన్ని. బడిలో అది నన్ను అత్తా అని పిలవకపోతే, పట్నం పిల్ల, సిగ్గేమో అనుకున్నాను. మా అమ్మాయీ అక్కడ అమ్మా అనడం తగ్గించింది. ఇంగ్లీషు బడి కదా, అలాగే ఉండాలేమో అనుకున్నాను. పిచ్చిదాన్ని!

మొదట్లో మా అమ్మాయికి రోజూ పొద్దున్నే కడుపునొప్పి. బతిమాలి, బెదిరించి, గేటు దాకా నేనే దింపేదాన్ని. దసరా సెలవులయ్యాక ఒక పిల్ల దీని పక్కన కూర్చోవడం మొదలెట్టింది. ఇద్దరూ చెవుల్లో గుసగుసలాడుకుని నవ్వుకోవడం చూశాక గానీ నాకు అన్నం సయించలేదు. హమ్మయ్య, పిల్ల గట్టున పడింది అనుకున్నాను.

ఒకరోజు క్లాసు టీచరు మా దగ్గరికొచ్చి మా అమ్మాయిని చూపించారు. "ఏమ్మా, రోజూ చూస్తున్నాను. ఆ పాప తల్లి ఊళ్ళో ఉండిపోయినా ఆ లోటు తెలియనివ్వట్లేదు నువ్వు. ఇంత ప్రేమగా చూసే వంటమనిషి ఎవరికి దొరుకుతుంది?"

"వంటమనిషెవరండీ?"

"నువ్వేగా! అడ్మిషన్ రోజున పాప మేనత్తగారే చెప్పారు."

నా నోరు ఎలాంటిదో మా ఊరంతటికీ తెలుసు. అలాంటిదాన్ని ఖాళీ గిన్నెలు సర్దుకుని బయటికొచ్చేశాను.

ఇంటికొచ్చి అడిగితే వదిన తొణకలేదు, బెణకలేదు. "తల్లికి చదువు లేదంటే సీటివ్వరే. అందుకని నేను గార్డియన్నని చెప్పాను. వరండాలో ఆవిడెవరు అని అడిగితే ఏదో నోటికొచ్చింది అన్నాను. మా పరువూ చూసుకోవాలిగా? ముందు కాస్త టీ తాగు." తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే.

"కొల్లేటి నుంచి మీ తమ్ముడు వారం వారం బస్సుకేసి చేపలు పంపినప్పుడు మీ పరువు అడ్డు రాలేదాండీ?" అని అరిచాను.

"అరవకు. నీ కూతురు అప్పుడు నా పక్కనే ఉంది. బుద్ధిమంతురాలు, ఈరోజు వరకూ ఒక్క మాట జారలేదు."

ఆ సాయంత్రం పిల్లని ఏమీ అడగలేదు. చిన్నపిల్ల, మేనత్తకి భయపడి ఉంటుంది, రేపు నేను పక్కన నిలబడితే దానికీ ధైర్యం వస్తుంది అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మర్నాడు ఒక్క క్యారేజీయే పట్టుకెళ్ళాను. మేనకోడలు చెయ్యి చాచింది. "మీ అమ్మని తెచ్చుకోమను. నేను మీ వంటమనిషిని కాదు, నీ అత్తని. దీన్ని కన్నతల్లిని!" అన్నాను, రేకుల కింద అందరికీ వినబడేలా. అబ్బ, ఎంత హాయిగా ఉందో ఆ క్షణాన!

మా అమ్మాయి స్నేహితురాలు దీని మోచెయ్యి పట్టుకుని అడిగింది. "మీ అమ్మ ఊళ్ళో ఉందన్నావుగా. ఈవిడ మీ అమ్మా?"

మా అమ్మాయి నా వైపు చూడలేదు. ఆ పిల్ల తన చెయ్యి ఎక్కడ వదిలేస్తుందో అన్నట్టు దానివైపే చూస్తూ, "కాదు" అంది. "వంటావిడే. ఊరికే అలా అంటుంది."

వదిన కోసం కడుపులో దాచుకున్న తిట్లు ఇంకా బోలెడు ఉన్నాయి. కన్నబిడ్డ మీదికి ఒక్కటీ రాలేదు. ఏ మాటంటే దాని స్నేహం చెడుతుందో నాకు తెలుసు. ఆ మాట నా నాలుక చివరే ఉంది.

"తినమ్మా, చల్లారిపోతుంది" అన్నాను.

అది తలెత్తకుండా అంతా తినేసి, గిన్నె నా చేతికిచ్చి, ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి క్లాసులోకి వెళ్ళిపోయింది.