మేలుకట్టు: రాజన్న మేస్త్రీ మాట

గిలాబు, అంటే ప్లాస్టరింగ్, చేసే మేస్త్రీ రాజన్న కన్నుమూశారన్న వార్త ఈ అరబ్బు ఎడారిలోని రువైస్‌లో నాకు చేరేసరికి మూడు రోజులు గడిచాయి. ఆయన ఉండే అల్ కుసైస్ కూలీల క్యాంపు నుంచి సిమెంటు తెచ్చిన డ్రైవరు మాటల మధ్య చెప్పాడు, గుండె ఆగిపోయిందట. రసీదు మీద సంతకం ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేదు.

ఆయనది కరీంనగర్ వైపు పల్లె. ఇక్కడి డేరా పేటలో ఆయన పనిచేసిన సైటులో అప్పుడు నేను స్టోర్‌కీపర్ని. గది పైకప్పు లోపలివైపును నునుపు తేల్చడంలో ఆయన సిద్ధహస్తులు. పని ముగిశాక నిచ్చెన దిగి, నేల మీద వెల్లకిలా పడుకుని చూసుకునేవారు. ముదీర్, అంటే మేనేజరు, కేకలేసినా లేచేవారు కాదు. "ఇది పండుకున్నోని కోసం సారూ. నిలబడ్డోడు గోడలు సూస్తడు" అనేవారు.

సీలింగ్‌ను ఆయన మేలుకట్టు అనేవారు. ఒకనాడు క్యాంపులో అన్నాల దగ్గర ఆ మాట పుట్టుక చెప్పారు. మేలు అంటే పైన. పూర్వం గడ్డికప్పు నుంచి మన్నూ పురుగూ పళ్లెంలో రాలకుండా తల పైన గుడ్డ కట్టేవారట. గుడ్డ పోయి పలక వచ్చింది, పలక పోయి సున్నం వచ్చింది, పేరు మాత్రం ఉండిపోయింది. వాళ్ల తాత చెప్పిన సంగతి.

నేను తెలుగు బి.ఏ. చదివినవాణ్ణి, పైగా గోదావరివాణ్ణన్న పొగరు. మేలుకట్టంటే దేవుళ్లకూ రాజులకూ కట్టే పట్టు చాందినీ అనీ, గుడిసెలకు మేలుకట్లేమిటనీ పదిమందిలో నవ్వాను. అందరూ నవ్వారు. రాజన్న పళ్లెం కడుక్కుని వెళ్లిపోయారు.

సెలవులో ఇంటికి వెళ్లినప్పుడు మా మేనత్తను అడిగాను. "నువ్వు పుట్టిన పాకలో నీ మీద దుమ్ము పడకుండా నా చీరే మేలుకట్టు కట్టాంరా" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. తిరిగొచ్చేసరికి రువైస్‌కు బదిలీ. ఉత్తరం రాయొచ్చు. కానీ పదిమందిలో నవ్వినవాడు పదిమందిలోనే ఒప్పుకోవాలని ఏడాది పాటు వాయిదా వేశాను.

వార్త విన్న మర్నాడు పొద్దంతా లారీలో కూర్చుని అల్ కుసైస్ వెళ్లాను. ఆయన మంచం అప్పటికే మరొకరికి ఇచ్చేశారు. గదిలో తోటివాడు నర్సయ్య నన్ను గుర్తుపట్టాడు.

"మీరు నవ్వినంక ఆ మాట అనుడే బంద్ వెట్టిండు సారూ. ఎవలన్న అడిగితే, అది సదువుకున్నోళ్ల మాట, మనది కాదు అనేటోడు."

ఆ ఊరంత క్యాంపులో నేను తప్పు ఒప్పుకోవలసిన మనిషి మాత్రం లేడు. అందుకే పదిమంది చదివే ఈ పత్రిక పుటలో, చేతులు జోడించి చెబుతున్నాను. రాజన్నా, ఆ మాట నీదే. నీ దగ్గర లాక్కున్నవాణ్ణి నేను.