తెల్లపీలిక కట్టిన తొలికాపు

మాట ఇవ్వడంలో పుల్లమ్మకు ఎంత తొందరో, ఇచ్చిన మాటను నిలుపుకోవడంలో అంత మొండిపట్టు. బూర్గంపాడు దాటి అడవి అంచుకు పోయే బాటలో ఉన్న ఆ చిన్నపల్లెలో ఈ సంగతి ఎరుగని గడప లేదు. ఆమె పెనిమిటి సవరయ్య కొత్తగూడెం బొగ్గుగనిలో పనిచేసినన్నాళ్ళూ వాళ్ళు క్వార్టర్లలోనే కాపురమున్నారు. అడుగు మట్టి అయినా తనది కాని ఆ చోట, పగిలిన బకెట్లలోనూ నూనెడబ్బాలలోనూ గోంగూర పెంచి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు పిడికెడేసి పంచి, ‘గోంగూర పుల్లమ్మ’ అనిపించుకున్నది.

ఉద్యోగం చాలించి సొంతపల్లెకు చేరిన నాడు సవరయ్య ఇంటి వెనుక మొరం దిబ్బను చూసి నవ్వాడు.

“గీ నేలల పల్లేరుకాయలు తప్ప ఏం మొలుస్తయే?”

ఆమె కొంగు బిగించి రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. చెరువుమట్టి తోలించింది. పక్క తండాలోని చాంది వద్ద మేకపెంటికలు అడిగి తెచ్చి చల్లింది. అడవిలో రాలిన టేకాకు మోపులు కట్టి తెచ్చి పాదులకు పరచింది. నాలుగేండ్లు తిరిగేసరికి ఆ మొరం దిబ్బ గునపం అక్కరలేకుండా వేళ్ళకే లొంగే నేల అయింది. ముప్పై ఏండ్లు భూమి కడుపులో చీకటిని తవ్విన సవరయ్య కూడా, వెలుతురులో మట్టి తవ్వడం వేరే సుఖమని ఒప్పుకున్నాడు.

ఈ ఏడాది శీతకాలం చివర ఒక ఆదివారం, చర్చిలో ఆరాధన ముగిసిన తరువాత, వీబీఎస్ మాట వచ్చింది. వేసవి సెలవుల చివర, బీడీలు చుట్టే తునికాకు కోతలు ముగిసిన తరువాత, చుట్టుపక్కల పల్లెల పిల్లలను వారం రోజులు కూర్చోబెట్టి పాటలు, బైబిలు కథలు నేర్పి, మధ్యాహ్నం అన్నం పెట్టే బడి అది. ఆ పిల్లలు అంతకు ముందు నెలంతా తల్లిదండ్రుల వెంట అడవిలో ఆకు కోసి వడలిపోయి వచ్చేవారు. కిందటేడు వాళ్ళకు వడ్డించింది నీళ్ళపప్పు, ఉడికీ ఉడకని ఆలుగడ్డ. పిల్లలు కూరను పళ్ళెం అంచుకు నెట్టి వట్టి అన్నం తిని లేవడం పుల్లమ్మ కళ్ళారా చూసింది. అది ఆమె మనసులో ముల్లై ఉండిపోయింది.

“ఈ యేడు కూర నాది,” అని లేచి నిలబడింది. “సంతల కొనుడు లేదు. మా పెరట్ల కాసిందే పిల్లలకు పెడత.”

వెనుక వరుసలో జంపక్క కిసుక్కున నవ్వింది. “పుల్లమ్మా, రోహిణి కార్తెల రోళ్ళే పగులుతయి. నీ సొరపాదు ఎంత?”

“రోలు పగిలితే పగలనీ జంపక్కా. పచ్చడి దేంట్ల నూరుకుంటవో నువ్వు చూసుకో.”

అందరూ నవ్వారు. పాస్టరు ఎబినేజర్ గారు కూడా నవ్వి, “దేవుని పేరు మీద పలికిన మాట, గుర్తు పెట్టుకో అమ్మా,” అన్నారు. ఆ మాటే ఆమెను పట్టుకున్నది.

ఆ సంఘంలో తాతలనాటి ఆచారం ఒకటి ఉంది. పెరట్లో తొలిగా కాసిన కాయకు తెల్లబట్ట పీలిక కడతారు. అది ప్రభువు భాగం. ఆదివారం పాస్టరు అయ్యగారు వచ్చి, చెట్టు మీద ఉండగానే చేయి పెట్టి ప్రార్థన చేసిన తరువాతనే దానిని కోయాలి. మామూలుగా పెరడంతటికీ ఒక్క కాయకు కట్టేవారు. అది మహా అయితే ఒక ఆదివారం దాకా ఆగేది. కానీ ఈసారి పని పెద్దది. పెద్ద పనికి పెద్ద మొక్కు ఉండాలని తలచి, పుల్లమ్మ పాత తెల్లచీర ఒకటి చింపి, సొర, బీర, దోస, కాకర అనకుండా తీగతీగకూ, చివరికి వంగచెట్లకు సైతం, మొదటి కాయకు ఒక్కొక్క పీలిక కట్టింది. వెనుక నుంచి చూస్తే ఆ పెరడు పెండ్లిపందిరిలాగ కనిపించేది.

ఆ వారమే పాస్టరు గారు వానకు తడిసిన బాట మీద బండి జారి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. దవాఖానాలో కట్టు వేయించి, కూతురు ఖమ్మంలో తన ఇంటికి తీసుకుపోయింది. ఆదివారం ఆరాధన సంఘపెద్దలు నడిపించసాగారు గాని, తొలికాపు మీద చేయి పెట్టే ధైర్యం వాళ్ళలో ఎవరికీ లేకపోయింది. అయ్యగారు వచ్చేదాకా ఆగుదామన్నారు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ వెంటనే వడగండ్లు పడ్డాయి. బీరాకులు జల్లెడలయ్యాయి. వడగండ్లు కరిగిన మర్నాటి నుంచి ఎండ మొదలైంది. అటు బొగ్గు నేల సెగ, ఇటు గోదావరి ఇసుక సెగ కలిసి, పొద్దున తొమ్మిదింటికే కాకి కొమ్మ దిగేది కాదు. పుల్లమ్మ తాటాకు పందిరి వేసింది. అడుగున సన్నని బెజ్జం చేసి గుడ్డవత్తి దోపిన కుండలను పాదుల నడుమ పాతి నీళ్ళు నింపింది. బియ్యం కడిగిన నీళ్ళు, స్నానం చేసిన నీళ్ళు, ఒక్క చెంబెడు వృథా పోనివ్వలేదు. తీగలు బతికాయి. బతకడమే కాదు, పచ్చగానే ఉన్నాయి. పూలు పూశాయి. కానీ పూసిన పువ్వు పిందై, పిందె చిటికెనవేలంత అయి, పసుపురంగు తిరిగి రాలిపోయేది. ప్రతి తీగకూ మిగిలింది ఆ పీలిక కట్టిన ఒక్క కాయే.

ఆమె కోడలు జెస్సికా దుమ్ముగూడెం వైపు ఒక సబ్‌సెంటరులో నర్సు. డ్యూటీ దిగి వచ్చి, రాలిన పిందెలు కొంగులో ఏరుకుంటున్న అత్తను చూసి జాలిపడింది.

“ఎండకు అన్ని చోట్ల గట్లనే ఉన్నదట అత్తమ్మా. నువ్వేం చేస్తవ్? బడి రోజులకు కూరగాయలు నేనే కొనుక్కొస్త.”

“కొంటే నేనన్న మాటేంది?”

“మాట కోసం పిల్లలు పస్తుండాల్నా?”

“పస్తు పెడతనన్ననా? ఇంకా టైమున్నది,” అని పుల్లమ్మ ముఖం తిప్పుకున్నది. టైము నిజంగా ఉన్నదో లేదో ఆమెకే నమ్మకం లేదు. గోంగూర ఒక్కటే ఆమె ముఖం చూసి ఏపుగా పెరుగుతున్నది.

అలా ఉండగా ఒకనాటి మధ్యాహ్నం చాంది మేక కంచె సందున దూరి, దడి పక్కనున్న దోసపాదు మీద పడింది. పుల్లమ్మ కర్ర పట్టుకొని వచ్చేసరికి, పసుపుపచ్చగా పండిన ప్రభువు దోసకాయలో సగం దాని కడుపులోకి పోయింది. తీగ కొసలన్నీ కొరికేసింది. తెల్లపీలిక దాని గడ్డానికి వేలాడుతున్నది.

“చాందీ! ఓ చాందీ! నీ మేక ఏం చేసిందో చూసినవా? దేవునికి కట్టిన కాయనే తిన్నది!”

అప్పుడే అడవి నుంచి వచ్చిన చాంది, తునికాకు జిగురు అంటిన చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. తీగను చూసింది, మేకను చూసింది.

“మా మేకకు నీ గుడ్డపీలిక ఏం తెలుస్తది అక్కా? మీ దేవుడు నెల సంది తినకపాయె. అది తిన్నది.”

“నోరు మూసుకో!”

“మూసుకుంట గాని, గంత ముదిరిన కాయ మీ దేవుడు మాత్రం ఎట్ల తింటడే?”

ఇద్దరి నడుమ మాట నిలిచిపోయింది. అయినా మర్నాడు పొద్దున చూస్తే కంచె సందు ముండ్లకంపతో మూసి ఉంది. చాంది కట్టిపోయిందని ఆ ముడి చూడగానే పుల్లమ్మకు తెలిసింది.

వారం తిరిగింది. మొండిగా మిగిలిన ఆ దోసతీగను పీకేద్దామని పుల్లమ్మ సాయంత్రం పూట దడి వద్దకు పోయింది. వంగి పట్టుకోబోయి ఆగింది. కొరికిన కొసల పక్కనుంచి కొత్త రెమ్మలు వచ్చాయి. రెమ్మరెమ్మకూ పిందె ఉంది. ఒక్కటీ పసుపు తిరగలేదు. కింద రాలినదీ ఒక్కటి లేదు.

ఆమె గంప బోర్లించుకొని దాని మీద కూర్చున్నది. ఎండ అన్నిటికీ ఒక్కటే. నీళ్ళూ ఒక్కటే. మరి దీనికున్న భాగ్యమేమిటి? పీలికలు కట్టిన తీగలను ఒక్కొక్కటే చూసింది. సొరపాదుకు వేలాడుతున్న కాయ బిందె అంత అయి, గోరు దిగనంత గట్టిపడి ఉంది. దాని చుట్టూ వాడిన పిందెలు. ఎదిగిన దూడ ఇంకా పొదుగు వదలకుంటే ఆవు మళ్ళీ ఈనేదెట్లా? క్వార్టర్ల డబ్బాలలో గోంగూరను తానే కదా పొద్దూ మాపూ గిల్లింది? గిల్లినకొద్దీ చిగిర్చేదని పక్కింటి వాళ్ళకు చెప్పింది తానే కదా? ఆ తెలివి ఈ పెరట్లో ఎటు పోయింది? భక్తి ముసుగు వేసుకొని తన తొందరపాటే తీగల గొంతు మీద కూర్చున్నదని అర్థమై, ఆమెకు సిగ్గూ, దాని వెనుకే చిన్న ఆశా కలిగాయి.

కత్తి తెచ్చింది. కానీ చేయి ముందుకు పోలేదు. కోస్తే దేవునికిచ్చిన మాట పోతుంది. కోయకుంటే పిల్లలకిచ్చిన మాట పోతుంది.

“అయ్యగారినే అడుగరాదు?” అన్నాడు సవరయ్య.

సెల్లుకు సిగ్నలు ఆ ఇంట్లో డాబా మీదనే, అదీ తూర్పుమూల పిట్టగోడ వద్ద మాత్రమే దొరికేది. ఇద్దరూ మెట్లెక్కారు.

“వందనాలు అయ్యగారూ. కాలు ఎట్లున్నది?”

“వందనాలమ్మా. కట్టు ఇంకా విప్పలే. ఏంది, గొంతు గట్లున్నది?”

ఆమె దాచకుండా అంతా చెప్పింది.

“నేనొచ్చేదాక అన్నిటినీ గట్లనే ఉంచినవా పుల్లమ్మా?”

“అవ్ అయ్యగారు. మీ ప్రార్థన కానిది కొయ్యం గద.”

“తొలికాపు దేవునికియ్యమన్నరు గాని, చెట్టుకు తాళం వెయ్యమన్నరా అమ్మా? తప్పు నాది కూడ. ఒక్క మాట ఫోన్ల చెప్తే అయిపోయేది. సరే, ఫోను చెట్ల కాడికి పట్కపో. ప్రార్థన చేస్త.”

“చెట్ల కాడ సిగ్నలు లేదు.”

“మరి ఏడున్నది?”

“డాబా మీద.”

“అయితే చెట్లను డాబా మీదికి తెస్తవా?”

ఏడవబోయిన పుల్లమ్మ ఫక్కున నవ్వింది. సవరయ్య ఫోను అందుకొని, స్పీకరు పెట్టి, పిట్టగోడ మీద నుంచి పెరటివైపు చేయి చాపాడు.

“అయ్యగారూ, జెర గట్టిగ చెయ్యున్రి. కింద వంగచెట్లకు గూడ వినపడాలె.”

పుల్లమ్మ కిందికి దిగి, కొంగు తలమీదికి లాక్కొని, తీగల నడుమ నిలబడింది. పైనుంచి ఎబినేజర్ గారి గొంతు గరగరమంటూ, నడుమ తెగుతూ, మళ్ళీ అతుక్కుంటూ పెరటి మీద రాలింది. దడి అవతల చాంది నోరు తెరుచుకొని ఆకాశంలోకి చూసింది. “ఎవరు పైకెల్లి మాట్లాడుతున్నది?”

“ఆమేన్” వినగానే పుల్లమ్మ కోత మొదలుపెట్టింది. పీలికలు విప్పి భుజాన వేసుకుంటూ, చీకటి పడకముందే అన్ని కాయలనూ తీగల నుంచి విడిపించింది. ముదిరిన సొరకాయలను, బీరకాయలను విత్తనానికని వసారాలో వేలాడగట్టింది. ఆ తరువాత ప్రతి సాయంత్రం, సొరపూలు విచ్చుకొనే వేళకు, పోతుపువ్వు తుంచి దాని పుప్పొడిని పిందెపువ్వుకు తానే అద్దింది.

బడి మొదలైన నాటికి అన్నీ అందిరాలేదు. మొదటిరోజు మేక కొరికిన పాదు దోసకాయలే దిక్కయ్యాయి. లేతవైనా పప్పులో ఒదిగాయి. రెండవనాడు గోంగూర. మూడవనాడు కూరకు చాలినంత కాపు అందక, జెస్సికా సంచి పట్టుకొని బూర్గంపాడు పోయి వంకాయలు కొనుక్కు రావలసి వచ్చింది. జంపక్క ఆ సంచి వైపు చూసి ఏదో అనబోయింది గాని, పుల్లమ్మే ముందుగా, “అవ్ జంపక్కా, ఈ ఒక్క రోజు ఓడిపోయిన,” అనేసరికి వంకాయలు తరగడానికి కూర్చున్నది. నాలుగవనాటి నుంచి సొరకాయలు దిగాయి. అరచేయంత పొడవున, వేలితో నొక్కితే నీరు చిమ్మే లేతకాయలు. పాలు పోసి వండిన ఆ కూరను వడ్డిస్తుంటే, పళ్ళెం అంచులకు నెట్టినవాడు ఒక్కడూ కనపడలేదు.

“నాయనమ్మా, ఇంకింత వెయ్యి,” అని మారు అడిగిన పళ్ళేల వరుసను చూసి, గరిటె పట్టిన పుల్లమ్మ కళ్ళు తడిశాయి. పొగ అని కొంగుతో తుడుచుకున్నది.

ఆఖరినాడు ఎబినేజర్ గారు చేతికర్ర ఊతంగా వచ్చారు. వసారాలో వేలాడుతున్న ముదురుకాయలు ఎండాక విత్తనం తీసి, తొలకరికి పిల్లవాడికొక పొట్లం పంచాలనీ, ప్రభువు భాగం ఈ ఏడు ఆ రూపాన తీరాలనీ తేల్చారు.

అందరూ వెళ్ళాక పుల్లమ్మ సొరతొక్కల గంప ఎత్తుకొని చాంది ఇంటికి పోయింది. మేకకు తొక్కలు వేసి, కొంగున ముడేసుకొచ్చిన తెల్లపీలిక ఒకటి తీసి దాని మెడకు కట్టింది.

చాంది అనుమానంగా చూసింది. “గిదేంది అక్కా?”

“తొలికాపు ముందు తిన్నది ఇదే గద. ఇది గూడ ప్రభువుదే.”

“అంటే ఏంది, మీ పండుగకు నా మేకను కోస్తరా?”

“కొయ్యం గాని, వచ్చే యేడు గూడ ఒక్కసారి తోలు. ముందుగాల చెప్పి తోలు.”

చాంది పకపక నవ్వి, ఆమె చేతిలోని ఖాళీగంప అందుకొని, దాని నిండా మేకపెంటికలు ఎత్తడం మొదలుపెట్టింది.