ఆ మాటకు సాక్షిని నేనే

తమిళనాట కినత్తుకడవులోని మా తమ్ముని కొబ్బరితోటలో, మా కుండలో నీళ్లు ముంచుకున్నదని కూలిమనిషి మారక్కను నిరుటి వేసవిలో తమ్ముని కొడుకు కులం పేరెత్తి తిట్టి, కిందికి తోసినాడు. ఆమె ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు చేసినది. చూచిన మా బంధువులందరూ ఏమీ వినలేదన్నారు. నేనూ అక్కడే ఉన్నాను, విన్నాను.

పోలీసు అధికారి తమిళుడు. ఠాణాలో నన్ను కూర్చోబెట్టి, "తెలుగులో ఏమని తిట్టినాడో ఆ మాటే చెప్పండయ్యా, రాసుకోవాలి" అన్నాడు.

మరదలు నా చేయి పట్టుకొన్నది. "బావా, మన పిల్లోడు జైలుకు పోతాడు. విన్లేదని చెప్పేయండి."

నేను మారక్క వైపు చూచినాను.

"చెప్పండి సామీ, నాకేం కొత్తా?" అన్నది ఆమె.

నలుబదేండ్లు పద్యాలు పాఠం చెప్పిన నోటితో ఆ మాట పలికినాను. అధికారికి సరిగా అందలేదట. మరల పలికించి రాసుకొన్నాడు. మారక్క తల వంచుకొని నిలుచున్నది.

ఇప్పుడు తమ్ముని ఇంట ఎవరూ నాతో మాట్లాడరు. వాళ్లు రాక, ఒంటరినైన నా ఇంట్లో తెలుగు వినబడక నెలలైనది. నిజం చెప్పినందుకు పశ్చాత్తాపం లేదు. కాని మారక్క ఆ మాటను మూడుసార్లు విన్నది. అందులో రెండుసార్లు నా గొంతుతో.