బహదూర్ కూతురి పెండ్లికి పోదామా, వద్దా

నేపాల్ వెళ్ళడానికి మనకు పాస్‌పోర్టు అక్కరలేదు, ఓటరు కార్డు చాలు. ఈ సంగతి నాకు చెప్పినవాడు బహదూర్. ప్రొద్దుటూరులో మా బట్టల అంగడి ఉన్న వీధికి ఇరవై రెండేళ్ళుగా అతనే గూర్ఖా. మార్గశిరంలో కూతురు సరిత పెండ్లి పెట్టుకుని, రెండు నెలల ముందే మా ఇంటికొచ్చి శుభలేఖ ఇచ్చాడు. అందులో ఒక్క అక్షరం మాకు అర్థం కాలేదు. అతనే వేలు పెట్టి చదివి చెప్పాడు. మేం ముగ్గురం, అంటే నేను, మా ఆయన, మా అమ్మాయి భార్గవి, తప్పకుండా రావాలన్నాడు. వస్తామని మాట ఇచ్చాం.

అప్పటికే ఆ దేశ రాజధానిలో పెద్ద గొడవలు జరిగి చల్లబడ్డాయి. ఇక ఏమీ ఉండదులే అనుకుని హైదరాబాదు నుంచి విమానం టికెట్లు కొన్నాం. ప్రయాణం తొమ్మిది రోజులుందనగా మళ్ళీ మొదలయ్యాయి. ఒక ఊళ్ళో కర్ఫ్యూ, ఇంకో ఊళ్ళో రోడ్ల మీద టైర్లు తగలబెట్టడం. టీవీలో అవే దృశ్యాలు తిప్పి తిప్పి చూపించారు. చుట్టాల ఫోన్లు మొదలయ్యాయి. గూర్ఖా ఇంటి పెండ్లికి ప్రాణాల మీదికి తెచ్చుకుంటారా అని ఒకరు, నాలుగు దుడ్లు పంపిస్తే సరిపోతుంది కదా అని ఒకరు.

మా భార్గవికి ఆ మాటలు రుచించలేదు. కారణం ఉంది. దానికి ఎనిమిదేళ్ళప్పుడు మా ఊళ్ళో ఒక బందు రాళ్ళు రువ్వుకునేదాకా పోయింది. దాని బడి ఊరికి అవతలి పక్క. మా ఆయన షట్టరు దించుకుని అంగడిలో ఇరుక్కుపోయాడు. ఆటోలు లేవు, ఫోను కలవలేదు. పగలు నిద్రపోయే మనిషి బహదూర్ ఆ గోలకు లేచి, ఎవరూ అడగకుండానే సైకిలెక్కి వెళ్ళి, సందుల్లోంచి పిల్లను ఇంటికి తెచ్చాడు. పిల్లకు గీత పడలేదు. అతని కనుబొమ్మ మీద మాత్రం రాయి తగిలిన మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ వారం ఊళ్ళోని నేపాలీలు చాలామంది సొంత ఊళ్ళకు వెళ్ళిపోయారు. అతను వెళ్ళలేదు.

మా ఆయన పిరికివాడు కాదు, లెక్క మనిషి. రెండు రోజులు ఆలోచించి, పులివెందులలో ఉన్న తన అక్క సరోజమ్మ ఊ అంటే పోదాం, వద్దంటే టికెట్లు రద్దు చేద్దాం అన్నాడు. మా వదిన మాట ఆయన దాటడు. ఫోనులో తేలే విషయం కాదని నేనూ భార్గవీ బయల్దేరాం. పెండ్లికూతురి కోసం జమ్మలమడుగు దగ్గర నేయించిన పట్టుచీర కూడా తెచ్చుకోవాలి. పోతామో లేదో తేలకముందే చీర ఎందుకని మా ఆయన అడిగాడు. పోయినా పోకున్నా చీర సరితదే అన్నాను.

ఉదయం ఏడు పదికి ప్రొద్దుటూరు బస్టాండులో జమ్మలమడుగు బస్సు ఎక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు చేతిలో పెడతారు. కార్డు మరిచిపోకండి, కండక్టరు ఒప్పుకోడు. ఎనిమిది కాకముందే జమ్మలమడుగులో దిగి, బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాం. వేడిగా, పుట్నాల పొడి దండిగా వేసి ఇచ్చారు. అక్కణ్ణుంచి షేర్ ఆటోలో పక్క పల్లెకు పావుగంట.

నేతగాడు ఓబులేసు చీరను అప్పటికే మడిచి, పాత పంచెలో చుట్టి పెట్టాడు. నిండు ఎరుపు, బంగారు అంచు. వాళ్ళ దేశంలో పెండ్లికూతురు ఎరుపే కట్టాలని బహదూర్ చెప్పిన మాట ప్రకారం ఒక్క తెల్ల పోగు కూడా పడకుండా నేశాడు. గొడవల సంగతి అతనికీ తెలిసింది. పోవడం ఇంకా తేలలేదని చెప్పాం.

“నా చీర పరదేశం పోతాండాదని ఊరంతా చెప్పుకున్నానమ్మా. మీరు పోకుంటే నేను అబద్ధాలకోరును అయిపోతాను,” అన్నాడు.

భార్గవి నవ్వింది. అతను నవ్వలేదు.

పది ఇరవైకి పులివెందుల బస్సు దొరికింది. పెన్న వంతెన దాటి, ముద్దనూరు మీదుగా పోతుంది. ముద్దనూరులో పది నిమిషాలు ఆగింది. అక్కడ ఎక్కిన ఒక తొండూరు రైతు, పేరు గంగిరెడ్డి అని చెప్పుకున్నాడు, చీనీ, అంటే బత్తాయి, మొక్కల కట్ట కాళ్ళ సందున పెట్టుకుని మా ముందు సీట్లో కూర్చున్నాడు. ఒళ్ళో పెట్టుకున్న చీర మూట చూసి ఎవరి పెండ్లి అని అడిగాడు. చెప్పాను.

“నేపాలా? టీవీలో చూసినా గదా తల్లీ, శానా ఘోరంగా ఉండాది ఆడ. ఆడపిల్లను యెంటబెట్టుకోని యాడికి పోతారు?”

నాకన్నా ముందే భార్గవి అందుకుంది. అది ఇడుపులపాయలో ఇంజనీరింగు చదువుతోంది. పోయిన ఏడాది దాని గదిలో ఉండే కోస్తా పిల్లను రెండు రోజులు మా ఇంటికి పిలిచింది. ప్రొద్దుటూరా, అక్కడ బాంబులేస్తారంట, వద్దే వద్దు అని ఆ పిల్ల అమ్మానాన్నలు ఆపేశారు. నేను ఆ రెండు రోజులకని ఓళిగలకు పూర్ణం కూడా సిద్ధం చేసుకుని ఉన్నాను. ఈ సంగతంతా రైతుకు చెప్పి, చివరికి ఇలా అంది:

“మన ఊరిని టీవీలో చూసి రాకుండా పోయినారు తాతా. నాకు శానా బాధయింది. ఇప్పుడు నేనే ఆ పని చెయ్యాల్నా?”

తొండూరులో దిగేముందు గంగిరెడ్డి మొక్కల కట్ట భుజాన వేసుకుంటూ, ఆ పిల్ల అమ్మానాన్నలు చేసింది తప్పని మాత్రం అన్నాడు. మేం పోవాలని గానీ, వద్దని గానీ అనలేదు.

పన్నెండున్నరకు పులివెందుల. వదినది స్టీలు సామాన్ల అంగడి, వెనకే ఇల్లు. మధ్యాహ్నం అంగడి కుర్రవానికి అప్పజెప్పి మాకు సంగటి, చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి, వంకాయ పులుసు వడ్డించింది. మా వదినతో మాట్లాడాలంటే కుడివైపు కూర్చోవాలి. ఆమెకు పెండ్లయిన కొత్తలో ఒక పల్లెలో పెండ్లి చూసుకుని జీపులో వస్తుంటే, ఎవరి కోసమో విసిరిన నాటుబాంబు రోడ్డు మీద పేలింది. ఆ రోజు నుంచి ఎడమ చెవి వినిపించదు. మా ఆయన ఆమె దగ్గరికే ఎందుకు పంపాడో నాకు తెలుసు. ఆమె వద్దంటుందనే ఆయన నమ్మకం.

ఆమె వద్దనే అంది. సంగటి పులుసులో అద్దుకుంటూ, తల ఎత్తకుండా అంది. గొడవల్లో దూరి పోయేవాళ్ళకు ఎవరూ దారి ఇవ్వరనీ, మంచివాళ్ళా చెడ్డవాళ్ళా అని రాయికి తెలియదనీ అంది. భార్గవి ముఖం చిన్నబోయింది. నాకు దుఃఖం కన్నా కోపమే ఎక్కువగా వచ్చింది. పాతికేళ్ళలో ఆమెకు నేను ఎదురు చెప్పింది లేదు. ఆ రోజు చెప్పాను.

“నీ చెవి పోయినాక పెండ్లిండ్లకు పోవడం మానేసినావా వదినా? నా పెండ్లికి వచ్చినావు గదా. ఆ పొద్దు గూడా మీ ఊర్లో పోలీసులు వీధి వీధినా నిలబడి ఉండిరి.”

ఆమె చెయ్యి ఆగింది. నేను అన్నది ఎక్కువైందేమో అనుకున్నాను. సరిగ్గా అప్పుడే భార్గవి ఫోను మోగింది. నేపాల్ నుంచి వీడియో కాల్. పెండ్లి పనులకు ముందే ఊరికి వెళ్ళిన బహదూరే.

అతను మా ఊరి తెలుగే మాట్లాడతాడు. ముఖం అలసిపోయి ఉంది. వెనక ఎవరో పందిరికి వెదుళ్ళు మోస్తున్నారు.

“రావద్దమ్మా,” అన్నాడు. “టీవీలో మీరు చూసే ఉంటారు. పాపను తీస్కోని రావద్దు. మీ ఆశీర్వాదం ఉంటే సాలు నాకు.”

ఆ మాట అనడానికి అతను ఎంత కష్టపడ్డాడో గొంతులో తెలుస్తోంది. మా వదిన ఎడమ చేత్తో ఫోను తీసుకుంది.

“నేను పులివెందుల అక్కను నాయనా. అడిగిందానికి నిజం చెప్పల్ల. మీ ఊరికి పొద్దున పాలు వస్తాండాయా?”

“వస్తాండాయి అక్కా.”

“పిల్లోల్లు బడికి పోతాండారా?”

“మొన్నటి నుంచి పోతాండారు. గొడవ పట్నాల్లో. మాది కొండమీద పల్లె. బస్సులు పగటిపూట తిరుగుతాండాయి, నడుమ నడుమ ఆపుతాండారు.”

“పెండ్లి ఆపుకున్నారా?”

“లేదక్కా.”

“మీ చుట్టాలు వస్తాండారా?”

“అందరూ వస్తాండారు.”

“మరి మేము ఎవరప్పా?” అంది మా వదిన.

బహదూర్ ఫోను పక్కకు తిప్పేశాడు. వెదుళ్ళు, ఆకాశం, ఎవరిదో చెప్పుల కాలు కనిపించాయి.

ఫోను పెట్టేశాక ఆమె నాకు వివరంగా చెప్పింది. పాలు ఆగిపోతే ఇంట్లోంచి కదలకూడదు. బడి మూసేస్తే పొలిమేర దాటకూడదు. ఆ రెండూ నడుస్తుంటే పెండ్లికి పోవచ్చు. వాళ్ళ కాలంలో అలాగే బతికారట. ధైర్యం ఒకటే సరిపోదు, దారి కూడా తెలుసుకోవాలంది. రాజధానికి పోయే విమానం వద్దు, నేల మీద పోయే దారి పట్టండి. చీకటి పడ్డాక ప్రయాణం వద్దు. పోలీసు వెనక్కి పొమ్మంటే వాదించకుండా వెనక్కి రండి. అన్నీ చెప్పి, చెయ్యి కడుక్కుని వచ్చి, తనకూ ఒక టికెట్టు తీయమంది.

నేను మా ఆయనకు ఫోను చేశాను. అక్క ఏమందని అడిగాడు. తనూ వస్తానంటోందని చెప్పాను. సరే, రైళ్ళు చూస్తానని పెట్టేశాడు.

మూడున్నరకు తిరుగు బస్సు, వేంపల్లె, ఎర్రగుంట్ల మీదుగా. ఆరున్నరకు ఇంట్లో ఉన్నాం. విమానం టికెట్లు అప్పటికే రద్దయ్యాయి. నాలుగు రైలు బెర్తులు, రెండు ఖరారైనవి, రెండు వెయిటింగు.

మీలో ఎవరైనా వెళ్ళాలనుకుంటే మేం పోయిన దారి ఇది: ఎర్రగుంట్లలో రైలెక్కి సికింద్రాబాదు, అక్కణ్ణుంచి గోరఖ్‌పూర్, అక్కడ నుంచి బస్సులో మూడు గంటలు సునౌలీ సరిహద్దు. ఓటరు కార్డు చూపించి నడిచి అవతలికి వెళ్ళవచ్చు. అక్కడి నుంచి కొండ దారిలో బస్సు. దారంతా సుఖంగా సాగిందని అబద్ధం చెప్పను. ఒకచోట కాలుతున్న టైర్ల ముందు గంటన్నర ఆగిపోయాం. బస్సు నిండా పొగ వాసన. మా ఆయన భార్గవి చెయ్యి పట్టుకుని వదల్లేదు. తప్పు చేశామా అని ఆ గంటన్నరలో చాలాసార్లు అనుకున్నాను. తర్వాత సైనికులు వచ్చి దారి తీశారు. సాయంత్రం నాలుగింటికి బహదూర్ పల్లెలో దిగాం.

తలమీద టోపీ, మెడలో బంతిపూల దండతో బహదూర్ రోడ్డు దాకా వచ్చాడు. మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి, నడింట్లో, తన అన్నదమ్ముల పక్కన కూర్చోబెట్టాడు. అప్పుడు నాకు ఒక సంగతి తట్టి సిగ్గేసింది. ఇరవై రెండేళ్ళు మా వీధి కాసిన మనిషికి మేం టీ ఎప్పుడూ మెట్ల మీదే ఇచ్చాం. శుభలేఖ తెచ్చిన రోజే అతను మొదటిసారి మా ఇంట్లో కుర్చీ మీద కూర్చున్నాడు. ఈ మాట మా వదినతో అంటే, ఇంటికి పోయినాక సరిదిద్దుకో అంది.

పెండ్లి బాగా జరిగింది. సరిత మేం తెచ్చిన చీర రెండోరోజు కట్టుకుంది. మూడోరోజు ఉదయం బయల్దేరి, వెలుతురు ఉండగానే సరిహద్దు దాటాం.

తిరుగు రైలులో ఒక వరంగల్ పెద్దాయన ఎక్కి మా వదిన పక్కన కూర్చున్నాడు. మేం ఎక్కడి నుంచి వస్తున్నామో తెలిసి ఆశ్చర్యపోయాడు. ఇంత గొడవల్లో కుటుంబంతో ఎలా వెళ్ళారు, చూడ్డానికి అక్కడ అంత ఏముంది అని అడిగాడు. ఎప్పుడూ నేనో భార్గవో మాట్లాడేవాళ్ళం. ఆ రోజు మా ఆయనే జవాబిచ్చాడు.

“చూసేదానికి పోలేదు సార్. పెండ్లికి పోయినాం. పిలిచినారు, పోయినాం.”

ఆ పైన దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగాడు. పెద్దాయన మా వదినను ఇంకేదో అడిగాడు గానీ, ఆయన ఆమె ఎడమ చెవి వైపు కూర్చుని ఉన్నాడు.