తాళం వేసిన ల్యాబులో తిరగబడిన గీత

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే, ఉంటే కొలిచి చూపించండి అనే రకం నేను. తిరువూరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పిల్లలు దయ్యాల కబుర్లు మొదలుపెడితే వెక్కిరించి నోరు మూయించేదాన్ని. ఇప్పుడు వెక్కిరించడం లేదు. అలాగని నమ్ముతున్నానని కూడా చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఈ ఉద్యోగానికి ముందు హైదరాబాదులో ఒక ల్యాబులో నాలుగేళ్లు పరిశోధన చేశాను. పుష్ప, నేను ఒకే బల్ల దగ్గర పనిచేసేవాళ్లం. పొరలు పొరలుగా ఉండే స్ఫటికాన్ని టేపుతో ఒలిచి, కొన్ని పరమాణువుల మందం మాత్రమే మిగిలిన రేకుకు తీగలు కలిపేవాళ్లం. మామూలు రాగి తీగలో కరెంటు ఎటు పంపినా ఒకేలా పోతుంది. ఇలాంటి కొన్ని రేకుల్లో అలా కాదు. ఒక వైపు సులువుగా పోతుంది, ఎదురు వైపు కాస్త మొరాయిస్తుంది. కరెంటు రెట్టింపు చేస్తే అడ్డంగా పుట్టే ఒక చిన్న వోల్టేజి నాలుగు రెట్లవుతుంది. దాన్ని వెతకడమే మా పని.

పుష్పకు అది దొరికింది. మా గైడు సార్ మాత్రం నమ్మలేదు. తీగ అతికిన చోట లోపం ఉన్నా ఇలాంటి వోల్టేజే కనిపిస్తుంది అన్నారు. తేల్చుకోవాలంటే తీగలను ఇటువి అటు మార్చి మళ్లీ కొలవాలి. నిజంగా స్ఫటికం గుణమే అయితే, గ్రాఫులో సున్నాకు పైనున్న గీత అంతే కిందికి దిగుతుంది. అతుకు లోపమైతే అంత కచ్చితంగా దిగదు. ఆ పని చేసేలోగా పుష్ప విషజ్వరంతో వారం రోజుల్లో పోయింది. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఆ బల్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చోలేక నేను ఉద్యోగం చూసుకుని వచ్చేశాను.

తిరువూరులో నాకు తెలిసినవాళ్లు లేరు. బస్టాండు వెనక మేడ మీద ఒక గది. కింద ఇంటావిడ మేరీ టీచర్ గారు ఉంటారు. కాలేజీ లేని రోజు నోరు విప్పే పని కూడా ఉండేది కాదు. ఏదైనా నవ్వొచ్చే సంగతి కనిపిస్తే పుష్పకు చెప్పాలని ఫోన్ తీసేదాన్ని. గుర్తొచ్చి మళ్లీ సంచిలో పెట్టేసేదాన్ని. చాలా ఒంటరిగా ఉండేది.

మొన్న వేసవిలో సార్ ఫోన్ చేశారు. మేం రేకులను చల్లబరిచి కొలిచే యంత్రాన్ని విప్పేస్తున్నారట. పుష్ప శాంపిల్‌ను, అదే ఆ రేకును, ఆఖరిసారి చల్లబరుస్తాను, ఆదివారం నీ లాప్‌టాప్ నుంచే కొలుచుకో అన్నారు. దాన్ని చల్లగా ఉంచే ద్రవ హీలియం సాయంత్రం వరకే వస్తుంది. ఆయన పొద్దున్నే హీలియం నింపి, ల్యాబుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని చెన్నై రైలెక్కారు.

మొదటి కొలత పూర్తయ్యాక నా పొరపాటు తెలిసింది. కరెంటు పెంచడం, తగ్గించడం కంప్యూటర్ చేస్తుంది. తీగలు మార్చాల్సింది మాత్రం యంత్రం పక్కనున్న స్విచ్చుల డబ్బా మీద, చేత్తో. సార్ అక్కడ ఉన్నప్పుడే ఒక కొలత తీసుకుని, ఆయన చేత మార్పించుకోవాల్సింది. నాలుగేళ్లూ ఆ డబ్బా నా చేతికందే దూరంలో ఉండేది కాబట్టి దాని సంగతే నాకు తట్టలేదు. సార్ ఫోన్ కలవడం లేదు. పుష్ప చెప్పింది నిజమని తేలే చివరి అవకాశం నా మతిమరుపు వల్ల పోతోంది. కూర్చుని ఏడ్చాను.

మధ్యాహ్నం మేరీ టీచర్ గారు చర్చి నుంచి వచ్చి, గిన్నెలో కూర పట్టుకుని పైకి వచ్చారు.

"ఏంటమ్మా, పొద్దుటి నుంచి ఏం తిన్లేదా? మొహం అట్టా పీక్కుపోయిందేంటి?" అన్నారు. నేను జవాబు చెప్పేలోగా ఆవిడే లాప్‌టాప్ వైపు వేలు చూపించారు. "ఆ గీత పడిపోయిందేంటమ్మా?"

నేను ఆపకుండా వదిలేసిన కొలత ఇంకా నడుస్తోంది. గీత సున్నాకు పడింది. లేచింది. మళ్లీ సున్నాకు పడింది. కొద్ది క్షణాల తర్వాత సున్నా దాటి కిందికి దిగి, ఇంతకుముందు ఎంత ఎత్తులో ఉందో అంత లోతులో నిలబడింది.

తీగలు మార్చేముందు రేకు కాలిపోకుండా స్విచ్చును గ్రౌండుకు, అంటే ఎర్తుకు, తిప్పుతాం. అప్పుడు గీత సున్నా అవుతుంది. అందరూ ఒక్కసారే తిప్పుతారు. పుష్ప ఒకప్పుడు తొందరపడి ఒక శాంపిల్‌ను కాల్చేసుకుంది. అప్పటినుంచి రెండుసార్లు తిప్పేది. నీదంతా ముసలమ్మ చాదస్తమని ఏడిపించేదాన్ని. ఇంకెవరూ అలా చేయగా నేను చూడలేదు.

అతుకు ఊడితే గీత చెదిరిపోతుంది కానీ అంత శుభ్రంగా తిరగబడదు. కరెంటు పోయి వస్తే స్విచ్చులు వాటంతటవి తిరగవు. ఆదివారం ఆ అంతస్తుకు సార్ తర్వాత ఎవరూ రాలేదని సెక్యూరిటీ రిజిస్టరులో ఉంది. రెండు రోజుల తర్వాత సార్ తిరిగొచ్చి చూస్తే తాళం వేసినట్టే ఉంది. డబ్బా మీద స్విచ్చులు మాత్రం మారి ఉన్నాయి. "ఎవరి చేత మార్పించావమ్మా?" అని అడిగారు. తెలియదు సార్ అన్నాను. అదే నిజం, ఇప్పటికీ నాకు తెలియదు. పుష్ప పేరు ముందు పెట్టి పరిశోధన పేపరు పంపుతున్నాం.

సార్‌కు చెప్పని సంగతి ఒకటుంది. కొలత పక్కన గమనికలు రాసుకునే గడి ఉంటుంది. ఇక్కడ రాస్తే ల్యాబు తెర మీద కనిపిస్తుంది, అక్కడ రాస్తే నాకు కనిపిస్తుంది. మేరీ టీచర్ గారు కిందికి వెళ్లాక అందులో "పుష్పా, నువ్వేనా?" అని రాశాను. తర్వాత "నేను తిరువూరులో ఉంటున్నానే" అని రాశాను. హీలియం అయిపోయి గీత చెదిరిపోయేదాకా, అన్నం కూడా ముట్టకుండా ఆ గడినే చూస్తూ కూర్చున్నాను.

ఒక్క అక్షరం రాలేదు. వచ్చింది తనే అయితే, అంత దూరం వచ్చి స్విచ్చులు తిప్పినదానికి నాకొక్క మాట రాస్తే దాని సొమ్మేం పోయింది?