చోటు మారిన ముక్కలు

రాజకుమారిది చిక్కడపల్లి. నారాయణగూడలోని ఓ చిన్న ల్యాబ్‌లో ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమె పని ఒకటే. రక్తకణాలను మూడు రోజులు పెంచి, గాజుపలక మీద పరిచి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద క్రోమోజోములను జతపరచడం. చేరిన కొత్తలో ఫొటోలు తీసి, కత్తెరతో కత్తిరించి అట్టకు అంటించేది. ఇప్పుడు కంప్యూటర్ తెర మీదే జరుపుతుంది. పొద్దంతా ఆ చారల పోగులను చూసి బయటికొస్తే, అశోక్ నగర్‌లో పుస్తకాలతో నడిచే పిల్లలు కూడా జతలు జతలుగా తేలిపోతున్నట్టుండేది.

నిరుడు వానాకాలంలో మాసయ్య, బుగ్గమ్మ వచ్చారు. పాలమూరు నుంచి వచ్చి కట్టుబడి పనులు చేసుకునే జంట. మూడుసార్లు కడుపు నిలవలేదు.

"మా అత్త నాదే దోషమంటది మేడం" అంది బుగ్గమ్మ, తలెత్తకుండా.

ఆమె క్రోమోజోములు సరిగ్గానే ఉన్నాయి. మాసయ్యవి చూస్తుంటే, నాలుగో జతలో ఒకటి పొట్టి, పదకొండో జతలో ఒకటి పొడుగు. ముప్పై కణాలు చూసింది. అన్నింటా అంతే. కిటికీ మీద వాన జారుతోంది. గది మొత్తం నీటి అడుగున ఉన్నట్టనిపించింది.

డాక్టర్ విషయం చెప్పాక మాసయ్య ల్యాబ్ గుమ్మంలోకొచ్చాడు. "జర నాక్కూడ చూపిస్తరా?"

రాజకుమారి తెర తిప్పింది. "ఈ రెండు ముక్కలు ఒకదాని చోటికి ఒకటి పోయినయ్."

"ఏమన్న తక్కువైందా?"

"ఏం తక్కువ కాలే. అందుకే నువ్వు మంచిగున్నవ్. బిడ్డకు సగమే పోతయ్ గదా, అప్పుడు ఎక్కువ తక్కువలైతయ్. ప్రతిసారి గట్లనే కావాలని లేదు."

అతను చాలాసేపు చూశాడు. తర్వాత భార్యతో, "అమ్మకు నేనే చెప్త" అన్నాడు.

చలికాలంలో బుగ్గమ్మకు మళ్లీ నెల తప్పింది. నాలుగో నెలలో తీసిన ఉమ్మనీరు ల్యాబ్‌కు వచ్చింది. కణాలు పెరగడానికి పది రోజులు పట్టింది. బిడ్డలోనూ రెండు ముక్కలూ తండ్రిలాగే చోటు మారాయి. ఏదీ తగ్గలేదు, ఏదీ ఎక్కువ కాలేదు. చివరి జతలో రెండు ఎక్స్‌లు. ఆడో మగో చెప్పకూడదన్నది చట్టం. ఆ సంగతి ఒక్కటీ మనసులో పెట్టుకుని, ఐదు నెలలు రాజకుమారి మబ్బు మీద నడిచినట్టు నడిచింది.

మళ్లీ వానలొచ్చాక వాళ్లు బిడ్డతో వచ్చారు. "ఆడపిల్ల మేడం" అన్నాడు మాసయ్య.

"అట్లనా" అంది రాజకుమారి, మెల్లగా.

వెంట అతని తల్లి దుర్గమ్మ కూడా ఉంది. పల్లికాయల సంచి బల్ల మీద పెట్టింది. వెళ్లేటప్పుడు గొడుగు విప్పి కోడలి మీదికి పట్టింది. తన భుజం తడుస్తున్నా గొడుగు జరపలేదు.