మెట్ల కింది అర్ర, మెట్ల మీది సేటు

మా సేటు పోయాడన్న కబురు కింద ఫోన్ల దుకాణం నడిపే అతను చెప్పాడు. పొద్దున మెట్టు మీద కూర్చుని బంతిపూలు గుచ్చుతున్నాను. అతను షట్టరు సగం దాకా ఎత్తి, మళ్లీ దించి, నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. "అవ్వా, పైన సేటు పోయిండు. నిద్రల్నే పోయిండట" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు ముందుగా ఆయన ముఖం గుర్తుకు రాలేదు. నా అర్ర గుర్తుకొచ్చింది. ఇక నన్ను ఎక్కడికి పొమ్మంటారో అనుకున్నాను. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. ఈ సంగతి దాచుకుంటే ఎవరికీ తెలియదు. కాని ఆయన గురించి రాద్దామని కూర్చున్నాక మొదట ఇది చెప్పకపోతే, మిగిలినవి రాసే ముఖం నాకు లేదు.

మట్టెవాడ బజారులో ఆ మేడను మీరు చూసే ఉంటారు. చూసినా గుర్తుండేంత పెద్దది కాదు. కింద ఒక దుకాణం, పైన ఇల్లు, పక్క నుంచి మెట్లు. ఆ మెట్ల కింద ఒక చిన్న అర్ర ఉంది. కాళ్లు చాపితే తలుపుకు తగులుతాయి. ముప్పై ఏళ్ల పైనుంచి అదే నా ఇల్లు. దుకాణం ముందు మెట్టు మీద నా పూల గంప. మేడ ఆయనది. మాకు చుట్టరికం ఏమీ లేదు. ఆయన సేటు, నేను పూలమ్ముకునేదాన్ని.

మేడ కట్టించింది ఆయన తండ్రి. అప్పుడు కింద ఇత్తడి సామాన్ల దుకాణం. బిందెలు, గంగాళాలు, చెంబులు బజారు దాకా మెరిసేవి. షట్టరు లేదు. చెక్క పలకలు ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి మూసేవారు. ఒక్కో పలక మీద ఒక అంకె రాసి ఉండేది. వరుస తప్పితే ఆఖరిది పట్టదు. పొద్దున తీసిన పలకలను మెట్ల కింద అర్రలో పెట్టేవారు. నేను పెళ్లయి నర్సంపేట దిక్కు నుంచి వచ్చి అక్కడ పూల గంప పెట్టుకున్న కొత్తలో, ఒకనాటి సాయంత్రం సేటు తొందరలో వరుస తప్పాడు. ఆఖరి పలక చేతిలో పట్టుకుని, "సూడు, అన్ని పలకలున్నయి, దుకాణం మాత్రం మూతపడ్తలేదు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. దొంగలు పడతారేమోనని, ఆయన అన్నీ ఊడదీసి మళ్లీ పెట్టేదాకా అక్కడే నిలబడ్డాను. "దుకాణం నాది, ఫికర్ నీదా? నీ పేరు ఫికరమ్మ" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు అదే పేరు.

నా భర్త పోయిన ఏడు అత్తగారింట్లో నన్ను ఉండనివ్వలేదు. అదే ఏడు సేటు పలకలు తీసేయించి ఇనుప షట్టరు పెట్టించాడు.

"పలకలు పోయినంక గా అర్ర ఖాళీనే కద. నువ్వుండు" అన్నాడు.

"రేపు మీకు సామాను పెట్టుకోను కావాల్నంటే ఎట్ల సేటూ?"

"రేపటి ఫికర్ రేపు చెయ్యి. ఇయ్యాల పోయి చాప తెచ్చుకో."

తర్వాత స్టీలు సామాన్లు వచ్చాయి. ఇత్తడి అడిగేవాళ్లు తగ్గారు. "ఇత్తడికి తోమే చెయ్యి కావాలె. ఇప్పుడు అందరికీ తొందరనే" అని సేటు దుకాణం తీసేసి, కింది భాగం కిరాయికి ఇచ్చాడు. నా అసలు భయం అప్పుడు మొదలైంది. కొత్తవాళ్లు వస్తున్నారంటే నాకు అన్నం సహించేది కాదు. ఎవరు వచ్చినా సేటు ముందు వాళ్లను నా గంప దగ్గరికి తీసుకొచ్చేవాడు. "దుకాణం మీది. ఈ మెట్టు, మెట్ల కింద అర్ర మాత్రం అడుగొద్దు. ఒప్పుకుంటెనే తాళం" అనేవాడు. ప్రతిసారీ అదే మాట. ప్రతిసారీ ఈసారి అనడేమోనని నాకు భయం.

దుకాణం తెరిచే రోజు దండ నా చేతిదే ఉండాలని కూడా ఆయన పట్టు. అందుకే ఎవరి తర్వాత ఎవరొచ్చారో నాకు పూలతో గుర్తు. మొదట దర్జీ. రంగు పూలు కొత్త బట్టలకు మరక పెడతాయని తెల్ల చామంతులే కట్టమన్నాడు. నేను ఇప్పుడు కప్పుకునే బొంత ఆయన ఇచ్చిన గుడ్డ ముక్కలతో కుట్టిందే. దర్జీ కళ్లు కనిపించక ఊరికి పోయాక, క్యాసెట్లు అమ్మే అతను వచ్చాడు. ఆయనకు గులాబీలే కావాలి. ముళ్లు తీసేసరికి నాకు ఒక పూట పట్టింది. పొద్దస్తమానం పెద్దగా పాటలు. ఆ మోతకు పూలు వాడిపోతాయేమోనని సేటుతో మొరపెట్టుకున్నాను. "పాటకు పూలు వాడుతయా? నువ్వే వాడుతున్నవ్" అన్నాడు.

ఆ తర్వాత అద్దాల డబ్బా పెట్టిన ఎస్టీడీ ఫోను దుకాణం. మామిడాకులు, బంతిపూలు. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు దూరంగా ఉన్న తమవాళ్లతో మాట్లాడేవారు. కొందరు నవ్వుకుంటూ బయటికి వచ్చేవారు, కొందరు ఏడ్చుకుంటూ. ఏడ్చేవాళ్లను సేటు నా పక్కన మెట్టు మీద కూర్చోబెట్టి, పైనుంచి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చేవాడు. ఏమైందని అడిగేవాడు కాదు. నేను అడగబోతే కళ్లతోనే వద్దనేవాడు.

ఇప్పటి ఫోన్ల దుకాణం అతను ప్లాస్టిక్ పూలు తెచ్చుకున్నాడు. సేటు తాళం చేతిలో పట్టుకుని ఇవ్వలేదు. "మా మేడకు ఫికరమ్మ దండ పడాలె" అన్నాడు. అతను నవ్వి, ప్లాస్టిక్ పూల మీదనే నా దండ కూడా వేయించాడు.

రోజూ సాయంత్రం సేటు గోడ పట్టుకుని దిగి వచ్చి మెట్టుకు ఆ చివర కూర్చునేవాడు. "ఇయ్యాల ఏం ఫికర్ నడుస్తాంది?" అని అడిగేవాడు. వాన పడుతుందేమో, పూల ధర పెరుగుతుందేమో, మోకాలు పట్టేస్తుందేమో, అన్నీ చెప్పేదాన్ని. అన్నీ వినేవాడు. "నీ ఫికర్లు ఇనకుంటె నాకు తిన్నది అరగది" అనేవాడు. నా జన్మలో నా భయాలను విసుక్కోకుండా విన్నది ఆయన ఒక్కడే.

కిందటి ఏడు ఆయన దిగడం మానేశాడు. ఆయన పోవడానికి నెల ముందు, కొడుకు ఎవరినో వెంటబెట్టుకొచ్చి దుకాణం ముందు భాగం టేపుతో కొలిపించాడు. నా గంప జరపమన్నారు. ఇంకేముంది, మేడ అమ్ముతున్నారు అనుకున్నాను. ఆ మరునాడే కోడలు పైనుంచి కేకేసింది.

"అవ్వా, మామయ్య పిలుస్తాండు. జర పైకి రా."

ఖాళీ చేయమని చెప్పడానికే అనుకున్నాను. ఆయన నోటితో ఆ మాట వినే ధైర్యం నాకు లేదు. "పూలు వాడిపోతయి బిడ్డా, రేపొస్త" అన్నాను. మళ్లీ పిలిచింది. మోకాళ్లు నొస్తున్నాయన్నాను. మూడోసారి పిలిచినప్పుడు అర్రలోకి పోయి తలుపు వేసుకున్నాను. బొంత, రెండు చీరలు మూట కట్టుకుని దాని పక్కన కూర్చున్నాను. పైన కిటికీలోంచి సేటు గొంతు వినిపించింది. "వచ్చిందా?" అంటున్నాడు. నేను పలకలేదు. ఆ తర్వాత కూడా పైకి పోలేదు. మొండిదాన్ని కాదు, భయస్తురాలిని. కాని పైన కిటికీ దగ్గర ఉన్న మనిషికి రెండింటికీ తేడా ఏముంది?

ఆయన పోయిన రోజు పాడెకు దండ నేనే కట్టాను. చాలదేమోనని భయంతో మూరకు మూర కలుపుతూ పోయాను. కడితే నేల మీద ఈడ్చుకుంటూ ఉంది. ఎవరో మడిచి వేశారు. పాడె పోతుంటే బజారంతా షట్టర్లు సగానికి దించారు. నేను మెట్టు మీద లేచి నిలబడ్డాను. అంతకంటే ఏమీ చేయలేదు.

పదకొండో రోజు చుట్టాలంతా పోయాక కోడలు కిందికి దిగి వచ్చింది. నా అర్రలో మూట చూసింది.

"ఎటు పోతానవ్ అవ్వా?"

"మీరు పొమ్మనకముందే పోదామని."

"నిన్నెవరు పొమ్మన్నరు?"

"మొన్న టేపుతోని కొలిచిండ్రు కద బిడ్డా."

"అది ఫోన్ల దుకాణపాయన కొత్త బోర్డు పెట్టుకుంటనంటె కొలిచిండ్రు."

మెల్లగా అడిగాను. "మరి సేటు నన్నెందుకు పిలిచిండు?"

ఆమె నా పక్కన కూర్చుంది. "మామయ్యకు యాది తప్పుతుండె అవ్వా. రోజంతా ఇదే ముచ్చట. ఇత్తడి సామాన్లు, దర్జీ, అంతవరకు చెప్పి ఆగిపోతుండె. దర్జీ పోయినంక ఎవరొచ్చిండ్రని మమ్ముల అడుగుతుండె. నేను కోడలిగ వచ్చినప్పుడే ఎస్టీడీ ఉండె, నాకేం తెలుసు? మా ఆయనకూ యాది లేదు. కింద ఉన్నది, పిలువుండ్రి, ఆమెకు ఎరుకే అంటుండె. నీతోని ముచ్చట పెట్టాల్నని. గంతే."

ఒక్కమాట. పైకి పోయి ఒక్కమాట చెబితే అయిపోయేది.

కోడలు నా చెయ్యి పట్టుకుని పైకి తీసుకుపోయింది. మంచం తీసేశారు. మంచం ఉన్నచోట నేల కొంచెం తెల్లగా ఉంది. దానికి ఎదురుగా ఒక స్టూలు వేసి ఉంది.

"నువ్వు కింద కూసోలేవని మామయ్యనే ఏయించిండు. దాన్ని జరపనియ్యలే, ఎవ్వరినీ కూసోనియ్యలే" అంది.

ఆ తెల్లని నేల వైపు చూసి చెప్పాను. "దర్జీ పోయినంక పాటల క్యాసెట్లాయన, సేటూ. గులాబీలు కట్టిన. ఆయన పోయినంక ఎస్టీడీ." కోడలు కిటికీ వైపు తిరిగింది.

"కూసో అవ్వా" అంది.

స్టూలు మీద మెత్తగా ఉండాలని ఒక తువ్వాల వేసి ఉంది. అంచుకు అంచు కలిపి, నాలుగు మడతలు. నెల పైనుంచి దాని మీద ఎవరూ కూర్చోలేదు. కూర్చుంటే ఆ మడత నలుగుతుందేమోనని భయం వేసింది. గోడ పట్టుకుని అలాగే నిలబడ్డాను.